ఒక్క రాత్రే గడిచింది

బ్రాడీపేటలో జెరాక్స్ కొట్టు పైన గది.
ఆదివారం మూడింటికి కింద షట్టరు దించిన చప్పుడైతే
మెట్ల మీద చెప్పులు ఒక్కో జతా లెక్కకొస్తాయి.
ప్లాస్టిక్ బల్ల మీద ఇరవై ముఖాల పాచిక,
సగం కొరికిన మిరపకాయ బజ్జీలు,
నేను గీసిన రాజ్యం పటం, దాని మీద నూనె మరక.
ఆ మరకని ఈ మధ్య అందరూ సరస్సు అంటున్నారు.
నేనూ కాదనలేదు.

ఏడు వారాల తర్వాత కూర్చున్నాం.
మిర్చి సీజను, మస్తాన్‌వలీకి యార్డులో ఊపిరాడలేదు.
ఎస్తేరుకి ఆస్పత్రిలో రాత్రి డ్యూటీలు.
హైమావతి లెక్కల టీచరు, ఆటలో దొంగ;
ఆమెకి జవాబు పత్రాలు.
"ఎక్కడ ఆగాం?" అన్నాను.
ముగ్గురూ పైకి చూశారు.
ఫ్యాను తిరుగుతోంది. దానికీ తెలీదు.

"కోటలో ఎవడో... దీపాలవాడు... వాడికి మనం బాకీ కదూ?"
"బాకీనా, పగా?"
ఎస్తేరు నోటుపుస్తకం తిప్పింది.
అందులో ఆ రోజు తేదీ, దాని కింద చిక్కుడుకాయల ధర.

అప్పుడు చెప్పాను, నాకొచ్చిన విద్య ఇదొక్కటే:
మనకి ఏడు వారాలు.
వాళ్ళకి ఒక్క రాత్రి.
నువ్వు మర్చిపోయావు ఎస్తేరూ, నీ సరంగు నీలవ్వ మర్చిపోలేదు.
దీపాలవాడి రక్తం ఆమె కొంగు మీద ఇంకా ఆరలేదు.
ముప్పై ఏళ్ళు తెడ్డేసిన చెయ్యి ఆమెది.
నువ్వు కృష్ణని చూసింది రైలు కిటికీలోంచి,
రూపాయి విసిరినంత సేపు.
ఆ రూపాయి ఎక్కడ మునిగిందో నీకు తెలీదు,
ఆమెకి సుడి ఎక్కడ తిరుగుతుందో తెలుసు.
అడగటం తప్పు కాదు. చెప్పటం దొంగాట కాదు.

అందుకే చీటీలు.
సగం నల్లగా పడి పారేసిన జెరాక్స్ కాగితాల వెనక రాసి,
మడిచి, బల్ల కింద నుంచి అందిస్తాను.
"ఈ వాసన నీకు తెలుసు. పదేళ్ళప్పుడు ఇక్కడే నీ చెయ్యి విరిగింది."
"ఈ ముసలాయన నవ్వాడంటే అబద్ధం చెప్తున్నట్టే."
"నిన్న నువ్వు మాటిచ్చావు."
"తువ్వాలు కింద వేళ్ళు నొక్కి ధర చెప్పినట్టుంది" అంటాడు మస్తాన్‌వలీ,
"మా తాత అట్టా చెప్పేవాడంట."

అతని పాత్ర ఆస్థాన పండితుడు.
ఎనిమిది భాషలు, నాలుగు లిపులు, ఒక పొగరు.
మస్తాన్‌వలీ ఎనిమిదో క్లాసు మధ్యలో బస్తాల కిందకెళ్ళాడు.
శాసనం దగ్గరికొచ్చేసరికి
"నాకేం తెలుసు" అని ఇంకో బజ్జీ తీసుకున్నాడు.
నీకు కాదు, ఆయనకి, అని చీటీ ఇచ్చాను.
కూడబలుక్కుని లోపల చదువుకున్నాడు, పెదాలు కదిలాయి.
తర్వాత లేచి నిలబడ్డాడు.
సున్నం పెచ్చులూడిన గోడ మీద నిజంగా ఉన్నట్టే చూస్తూ
తాపీగా, ఒక్కో పదం తూకం వేసి చదివాడు.
నేను రాయని మాట ఒకటి కలిపాడు.
అది నా మాటలకన్నా పాతదిగా వినపడింది.

ఆ గంటలోనే నన్ను పట్టుకున్నాడు.
కోట గోదాములో ఎండుమిరప బస్తాలు,
గోనె కోస్తే గలగలా రాలాయి, అన్నీ బూజే, అన్నాను.
"గలగలమనవు సార్. బూజు పట్టిందంటే తేమ ఉన్నట్టే.
మెత్తగా పడతయ్, పిల్లి దూకినట్టు."
పండితుడికి అది తెలుస్తుందా, అంది హైమావతి.
కాసేపు ఎవరం మాట్లాడలేదు.
"చిన్నప్పుడు మోశాడేమో" అన్నాడు, పాచిక వైపు చూస్తూ.
రాసుకున్నాను.
ఆ పండితుడికి ఇప్పుడొక బాల్యం ఉంది.

చీకటి పడేవేళ దీపాలవాడి కూతురు తలుపు తీసింది.
ఆమె పేరు నా కాగితాల్లో లేదు.
పటం తిరగేశాను, అట్ట తిరగేశాను.
లోకం నాదే, పేరు నా దగ్గర లేదు.
బల్ల కింద మోకాలికి ఏదో తగిలింది.
మడిచిన చీటీ. ఎస్తేరు దస్తూరి,
వార్డులో రాసే తొందరతో:
"నీకు తెలుసు. సిరిమల్లి. ఎడమ చెవికి పోగు లేదు."

తలెత్తాను.
"సిరిమల్లి," అన్నాను, ఎప్పట్నుంచో తెలిసినట్టు,
"మీ చేతుల వైపే చూస్తోంది.
తలుపు వారగా నిలబడింది,
కుడి చెవి ఒక్కటే కనపడేట్టు."