ముక్కు లేని రొట్టె

మా సందులో రొట్టెల కొట్టు నేలమాళిగలో ఉండేది.
మోకాలి ఎత్తున ఒకటే కిటికీ.
త్బిలిసిలో ఎంత పెద్దమనిషైనా సరే
రొట్టె కావాలంటే వంగాల్సిందే.

కింద నూగ్జార్ మామ
బావిలాంటి మట్టిపొయ్యిలోకి తలకిందులుగా దిగేవాడు.
ఒక కాలు గాల్లో.
పిండిముద్దను లోపలి గోడకు ఛట్టున చరిచి
సెగ పట్టుకునేలోపు పైకి లేచేవాడు.
ఆయనకు కనుబొమ్మలుండేవి కావు.
పుట్టుకతోనే లేవనుకున్నాను పదేళ్లొచ్చేదాకా.
మా ముఖాలు ఆయనకు తెలీవు,
చెప్పుల్ని బట్టి మమ్మల్ని పిలిచేవాడు:
"ఏయ్, ఎర్ర బకిల్సూ! ఎన్ని?"

షోతి అంటాం ఆ రొట్టెను.
పడవ అంటారు కొందరు, నెలవంక అంటారు కొందరు.
నాకు మాత్రం రెండు ముక్కులున్న చేప.
నడుమంతా మెత్తన, కొసలు కరకర.
ఇంటికి మూడొందల అడుగులు.
మొదటి ముక్కు చెప్పులు కుట్టే కొట్టు ముందే పోయేది.
అది దారిఖర్చు, అమ్మ లెక్క అడిగేది కాదు.
రెండోదీ పోయిన రోజు మాత్రం
"పిల్లను పంపానా, ఎలుకను పంపానా?"

తర్వాత ఆ చలికాలం వచ్చింది.
కరెంటు లేదు. గ్యాసు లేదు. వీధి చివర తుపాకులు.
రొట్టె వరసలో అరచేతి మీద అంకె రాసేవారు.
నాది నూట నలభై ఆరు.
చెమటకు చెరిగిపోతుందని
రాత్రంతా గ్లవుజు వేసుకోలేదు.
తెల్లారాక ఒక్కటంటే ఒక్క రొట్టె,
అందులో ఏం కలిపారో, మట్టిరంగు.
కోటులోపల పెట్టుకుంటే పొట్ట చురుక్కుమంది,
ఆ వారంలో నాకు తగిలిన వెచ్చదనం అదొక్కటే.
అమ్మ దాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది.
రెండు ముక్కులూ ఉన్నాయి.
నా నుదుటి మీద చెయ్యేసి
"ఒంట్లో బాగాలేదా?" అంది.

థెస్సలోనికిలో పద్నాలుగేళ్లు
ఎవరి అమ్మకో స్నానం చేయించాను.
కిరియా ఎవ్తాలియా, తొంభై దాటిన మనిషి,
పెద్దకొడుకు పేరు మరిచిపోయింది,
చిన్నవాణ్ణి పోస్ట్‌మాన్ అనుకుని కూర్చోనిచ్చేది కాదు.
కానీ ఆదివారం బుగాత్సాలో
దాల్చినచెక్క చిటికెడు తగ్గితే
మంచం మీంచే పట్టేసేది.
కొట్టువాడు దాన్ని కోసే చప్పుడుంది చూశారూ,
టకటకటక, వందల ఎండుటాకుల మీద గుర్రం పరిగెత్తినట్టు.
ఆ చప్పుడు కోసమే రెండు వీధులు ఎక్కువ నడిచేదాన్ని.
నువ్వులద్దిన కులూరి చుట్టను
గాజులా చేతికి తొడుక్కుని బస్సెక్కేదాన్ని.
ఆస్పత్రి స్టాపు వచ్చేసరికి చెయ్యి బోసి.

ఒకసారి ఆవిడ కూతురు మమ్మల్ని వియన్నా తీసుకెళ్లింది.
అద్దాల వెనక, దీపాల కింద, కేకులు.
తినాలో, టోపీ తీసి నిలబడాలో తెలియలేదు.
తిన్నాను. బాగుంది.
కానీ ఎవరి కనుబొమ్మలూ కాలినట్టు లేవు.

ఇప్పుడు తిరిగొచ్చాను, అరవై మూడేళ్లతో, చక్కెరజబ్బుతో.
మైదా విషం అంది డాక్టరు,
చిన్నపిల్ల, తన బల్ల సొరుగులో బిస్కెట్ల పొట్లం చూశాను.

నూగ్జార్ మామ లేడు. అతని కూతురు ఖాతూనా దిగుతోంది పొయ్యిలోకి.
నాకు మోకాలు వంగనంది.
చేతికర్రతో కిటికీ చువ్వ మీద కొట్టాను.
"ఎన్ని?" అంది కిందనుంచి గొంతు.
"సగం."
"సగాలు అమ్మం."
చెయ్యి మాత్రం పైకొచ్చింది, రొట్టెతో,
మోచేతిదాకా పిండి, పాత కాలిన మచ్చలు.

మూడొందల అడుగులు ఇప్పుడు చాలా దూరం.
చెప్పుల కొట్టు పోయి సెల్‌ఫోన్ల కొట్టు వచ్చింది.
సరిగ్గా దాని ముందే ఆగాను.
ఆయాసం వల్లేనని
ఎవరైనా అడిగితే చెబుతాను.