మిర్చి సీజన్ల బువ్వ

మాఘం ఎక్కి మార్కెట్ ఎర్రబడ్డదంటే
నా బిడ్డకు నా చెయ్యి బందు.

ఎనుమాముల యార్డుల పొద్దంతా తొడిమెలు తీస్త.
కిలోకింత అని లెక్క.
తేజ రకమైతే గోళ్ల సందులల్ల మంట
నేను పండుకున్నంక గూడ మేలుకోనే ఉంటది.
సబ్బు పెట్టి కడిగిన. సల్ల పోసుకున్న.
కొబ్బరినూనె రాసి ఉప్పుతోని రుద్దిన.
పోయిందనుకొని ఒక్కనాడు ముద్ద కలిపి పెడితే
పెదవులు ఉబ్బి అది ఏడ్సిన ఏడ్పుకు
లేబర్ కాలనీల మా గల్లీ మొత్తం లైట్లేసుకున్నది.

అప్పటిసంది చెంచా.

పద్దెనిమిది నెలల పొల్ల,
చెంచాను జూస్తే పండ్లు బిగవడ్తది.
తలకాయ అటు తిప్పుతది, ఇటు తిప్పుతది,
ఎట్లనో లోపలికి పోయినదాన్ని
నాలుకతోని నిమ్మళంగ బయటికి తోస్తది
యార్డుల సేటు తాలుకాయను ఏరి పక్కకేసినట్టు.

పోయిన వారం పెసరపప్పంటే పానం.
మూడు పూటలు పప్పే, ఒట్టి పప్పే.
సంబురపడి రెండు కిలోలు తెచ్చిండు సారంగం.
తెచ్చిన తెల్లారి పప్పు గిన్నె దిక్కు
ఎన్నడూ ఎరగని మనిషిని జూసినట్టు జూసింది.
ఇగ ఇప్పుడు గుడ్డు. అండ్ల తెల్లది గాదు, పచ్చది.
ఎల్లుండికి అది గూడ గోడ మీద మరక.
బాలామృతం పాలల్ల కలిపితే నా మీదనే ఊంచుతది,
నేను అటు తిరిగితే
ప్యాకెట్ల చెయ్యి పెట్టి ఒట్టి పొడి బుక్కుతది.

దిష్టి, అంటది యాకమ్మత్త.
అంగన్‌వాడీల స్వరూప టీచర్ బరువు తూచి
"మూడు వందల గ్రాములు పెరిగింది గదనే,
నీకెందుకు ఫికరు?" అంటది.
ఏం తిని పెరిగిందో నాకైతే లెక్క తేలలె.
తొడిమెల లెక్కైతే గ్రాము పోకుంట చెప్త.

గదే పొల్ల పక్కింట్ల కూసుంటే
యాకమ్మత్త మక్క గట్క, పచ్చిపులుసు
వేలుతోని నాకిస్తే నాకుతది.
ఇంకింత అని ఆ వేలు పట్టుకొని గుంజుతది.
చెప్పుకుంటే సిగ్గు గానీ
ఆ ముడతల చెయ్యిని జూసినప్పుడు
నాకు మండింది మిర్పకాయ గాదు.

నడుమల ఒక్కనాడు చపాట లాటు దిగింది.
రంగు నెత్తురు లెక్క, కారం పేరుకే.
మాపటికి చేతులు ఎర్రగున్నయి, సల్లగున్నయి.
ఏడుసార్లు కడిగి, నా నాలుకకే అద్దుకొని జూసుకొని,
మెత్తటి బువ్వల నెయ్యేసి పిసికిన.
నోరు తెర్సింది.
పదకొండు ముద్దలు. ఎంచిన.
పన్నెండోది బుగ్గల ఉండంగనే నిద్రవోయింది.
దాన్ని వేలుతోని తీద్దునా వద్దా అని
శానసేపు అట్లనే కూసున్న.

ఎండలు ముదిరి కాయ మొత్తం
కోల్డ్ స్టోరేజీలకు పోయింది. పని బందు.
నా చేతుల తోలు పొరలు పొరలు లేసి
కింద కొత్తది వచ్చింది, దాని బుగ్గ లెక్క మెత్తగ.
ఇగ రోజూ నా చెయ్యే అనుకున్న.
కలిపి, ముద్ద జేసి, ముంగటికి వంగిన.

నా చెయ్యి నూకింది.
"నేనే" అన్నది.
దానికి వచ్చిన మాటలల్ల అది నాలుగోదో ఐదోదో.
పళ్లెంల అరచెయ్యి మొత్తం దించి
సగం మెతుకులు చెవుల, సగం చాప మీద,
ఒక్క మెతుకు నోట్లె.

నమిలింది. నన్ను జూసింది.
ఎంగిలి పిడికిలి తెచ్చి నా మూతికి ఆనిచ్చింది.
తిన్న.
ఉప్పెయ్య మర్శిన ఇయ్యాల.
అది ఏమనలె.