బానెట్టు సీటు

ఎవడు పెట్టేడో తెల్దు ఆ కట్టుబాటు.
కాయితం నేదు, సంతకం నేదు.
కాకీ సొక్కా కనబడితే కాలు బ్రేకు మీదికెల్లీది,
అంతే.
పర్లాకిమిడోడయినా, టెక్కలి డిపో వోడయినా
డూటీ దిగి ఇంటికెల్లీ డ్రైవరుకి
బానెట్టు మీద మడతేసిన గోనెపట్టా.
టిక్కెట్టడిగితే నామోషీ, అడిగినోడికి.

సలికాలం అది కుంపటి.
ఎండాకాలం దాని మీద కూకోడానికి
మొండితనం ఒకటుండాల.
ఇంజను ఏడికి పేంటు ఎనక
అందరికీ ఒకే సోట రంగెలిసిపోయీది.
ఆ మచ్చ సూసి డ్రైవరని సెప్పీవచ్చు,
ఏ రాష్ట్రమో సెప్పలేం.

తగువు పదకొండు రూపాయల కాడ పుట్టింది.

గురుగుబెల్లి దాలినాయుడు
బస్సు పాడయి అవతల సిక్కుబడిపోయి
ఆళ్ల ఆఖరి బండెక్కేడు.
కొత్త కండక్టరు, మీసం సరిగ్గా రాని గుంటడు,
మిషను పట్టుకొని ముందుకొచ్చి
“టిక్కెట్టు” అన్నాడట.
నాయుడు నవ్వేడు. ఆడు నవ్వనేదు.
“పెళ్లోళ్ల సామాన్లకి సోటు సాల్నేదని
మొన్న మావోణ్ణి దించీసింది మీ బండే గదా.”
అది నిజం. ఆ బండి ఎవుడు తోలేడో
డిపోలో అందరికీ తెలుసు, ఎవరం సెప్పం.

నాయుడు ఆ టిక్కెట్టు తెచ్చి
డూటీ చార్టు పక్కన గుండుసూదితో గుచ్చేడు.

యూనియన్ మీటింగులో లెక్కలు తీసేరు.
మన బళ్లు రోజుకి ఇరవై తిరుగుతాయి, ఆళ్లవి ఆరు.
మన బానెట్ల మీదే ఆళ్లెక్కువ కూకుంటన్నారు,
మరి సమానం ఎలగయ్యిందిరా?
అట్నించి ఉత్తరం వొచ్చింది, తెలుగులోనే:
మీ ఇరవై పగటివి.
మహేంద్రతనయ పొంగిన రాత్రి
మిమ్మల్ని ఇళ్లకి సేర్చిన బండి ఒక్కటే, అది మాది.
ఇరవై పెద్దదా ఒకటి పెద్దదా
ఆ రాత్రి తడిసినోణ్ణి అడగండి.

మేం ఎవర్నీ అడగనేదు.
గోనెపట్టాలు తీసీమని ఆర్డరు.
నాను తియ్యనేదు. మడిచి మూలకి తోసేను.
దాన్ని ధైర్యం అనకండి, బద్ధకం.

సరవకోట కాడ, కుండపోత.
టీకొట్టు సూరు కింద గొబర్ధన్ బిసోయి.
పదమూడేళ్లు నా పక్కన కూకున్న మనిషి.
సెయ్యెత్తనేదు.
ఆపాల్సిన సోటికి రెండు బారలు దాటి ఆపేను.
ఆ రెండు బారలూ నాకింకా గుర్తే.
ఎనక తలుపు నుంచి ఎక్కేడు.
మా కండక్టరు కూర్మావతి నాకేసి సూసింది.
నాను రోడ్డుకేసి సూసేను.
ముందే మడిచి ఉంచుకున్న నోటిచ్చేడు,
సిల్లర లెక్కెట్టుకున్నాడు,
రాడ్డు పట్టుకొని నిలబడ్డాడు.
సీట్లు కాళీ ఉన్నాయి.

లోపలి ఊపిర్లకి అద్దం మసకేసింది.
ఎప్పుడూ అది నాను తుడవనేదు గదా!
కూతురి సదువు గురించో, జీడితోట గురించో
మాట తెగకుండానే ఆడి తువ్వాలు తుడిచీది.
ఆ రాత్రి ఎడంసేత్తో నాను తుడిస్తే
గీతలు పడ్డాయి గానీ రోడ్డు కనబడనేదు.

ఎనకాల నుంచి కేక:
“ఎడంపక్క, లోపలి టైరు!”
నాకు వినబడనేదు ఆ సప్పుడు.
ఆపి సూస్తే సగం దిగిపోయింది.
ఇద్దరం వానలో జాకీ ఎత్తేం.
పానా ఇయ్యి, ఇదిగో పానా,
అంతకి మించి మాట నేదు.

ఎక్కేక ముందుకొచ్చేడు. అద్దం తుడిచేడు.
నాను గోనెపట్టా ఇప్పి పరిసేను.
దానికేసి కాసేపు సూసి
“టిక్కెట్టుంది గదా,” అన్నాడు, “సీట్లో కూకుంటాను.”
మూడో వరసకెల్లి కూకున్నాడు.
పాతపట్నంలో దిగి
ఎనక్కి సూడకుండా సరిహద్దుకేసి నడిసేడు.

మిషను టిక్కెట్టు మీద అచ్చరం నిలవదు.
డిపో గోడ మీద ఆ కాయితమిప్పుడు తెల్లగుంది.
ఊరు పేరు నేదు, తారీకు నేదు, పదకొండూ నేదు.
నాయుడు కొత్తోళ్లకి దాన్ని సూపించి
సదివి వినిపిస్తాడు కూడా.
గుండుసూది మాత్రం తుప్పట్టి
గోడని గట్టిగా పట్టుకొనుంది.