మీటరు మనది కాదు

నవంబరు చివర ఒక రాత్రి
ఏసీ కట్టేశాం.
ఏడు నెలలుగా నెత్తి మీదే ఇంజను ఆపకుండా నిలబడ్డ లారీ
ఎవరో తాళం పీక్కుపోయినట్టు ఆగింది.
అప్పుడు తెలిసింది
గోడ అవతలి బంగ్లా షఫీకుల్ నిద్దట్లో లెక్కలు చెప్తాడని,
మా మస్తానమ్మ గురక
పాలు పొంగే ముందు గిన్నె చేసే చప్పుడంతేనని.

జిలీబులో, మూడో అంతస్తులో, ఆరుగురం ఆడవాళ్లం.
కరెంటు బాడుగలోనే కలిసిపోయింది.
హీటరు తెల్లవార్లూ ఎర్రగా పళ్లికిలించినా
అడిగే నాథుడు లేడు.
"మీటరు మనది కాదు గదా రెడ్డెమ్మా,
నీకెందుకు నొప్పి?" అంటుంది ఇంద్రావతి.
జవాబు నోటికి రాదు.
మూత పెట్టకుండా పప్పు ఉడికించమంటే
చెయ్యి ఒప్పుకుంటుందా?
ఇదీ అట్లాంటిదే.

వెయ్యి అడుగులు బోరు దించి
తెల్లటి దుమ్ము ఎగజిమ్మించుకున్న చేను మాది.
ఇక్కడ సముద్రాన్నే కాచి, ఉప్పు విడదీసి
కుళాయిలోకి పంపిస్తారంట.
అంటే నేను వంచే ప్రతి చెంబు వెనకా
యాడో ఒక పొయ్యి మండుతూనే ఉంది.
ఆ మాట విన్నప్పటినుంచి
బియ్యం కడిగిన నీళ్లు పారబోయలేదు.
నెయ్యి డబ్బాలో మెంతికూరకు పోశాను.
మొలిచింది.
సగం పావురాలు తినిపోయినాయి.
మిగతా సగం ఒక పూట పప్పులోకి వచ్చింది,
ఆరుగురికి, వాసన వరకు.

వాడేసిన నూనె క్యాన్లకు నల్లరంగు పూసి
మిద్దె మీద ఎండకు పెడితే
పనిళ్ల నుంచి తిరిగొచ్చే నాలుగింటికి
నీళ్లు గోరువెచ్చగా ఉంటాయి.
హారిస్ అబూ హమాదా చూసి
మిద్దె పాడు చేస్తున్నామని అరిచి
అన్నీ మెట్ల కిందికి తోసేశాడు.
మర్నాడు ఆయన గది ముందు, ఎండ పడే మూల
నల్ల క్యాను ఒకటి కనపడింది.
నేనేమీ అడగలేదు.
ఆయనా నా కళ్లలోకి చూడలేదు.
శుక్రవారానికి మిగతావి
వాటంతటవే మిద్దెక్కినాయి.

మా అసలు హీటరు మాత్రం బొంత.
ఈ గదిలో ఉండిపోయినోళ్లు ఒక్కో ముక్క కుట్టిపోవాలని
ఎవరు పెట్టారో, పాత కట్టుబాటు.
నీలం ముక్క వరదమ్మది, ఆస్పత్రిలో నేల తుడిచేది.
గళ్లది బీబీజానుది.
మెత్తటి పసుపుపచ్చ
ఎవరో మేడం పారేసిన పరదా.
ఇప్పుడది ఎంత బరువంటే
ఉతికితే ఇద్దరం పట్టి పిండాల.
జనవరి వానకు ఐదు రోజులు ఆరక
గదంతా తడి మేక వాసన కొట్టింది.
ఆ ఐదు రాత్రులూ హీటరు నేనే వేశాను.
ఇంద్రావతి నవ్వింది. నవ్వనీ.

మొన్న చిట్వేలు పిల్ల లోకేశ్వరి దిగింది,
పల్చటి చున్నీతో.
"ఎడారి అంటే ఎండలే అనుకుంటినక్కా" అని
పళ్లు టకటకలాడిస్తా నిలబడింది.
మిగిలిన ఖుబ్బూసు తుంచి, ఉల్లిగడ్డ, ఎండుమిరపకాయ తాలింపేసి
పొయ్యి ఆరకముందే వంటింట్లోనే కూర్చోబెట్టి పెట్టాం.
ఆరుగురి ఊపిరికే ఆ చిన్నగది వెచ్చబడుతుంది.
ఏడో ఊపిరికి కిటికీ అద్దం మీద నీళ్లు కారినాయి.

పడుకునేటప్పుడు
బొంత మీద వేలు పెట్టి ఒక్కొక్కటే అడిగింది:
ఇది ఎవరిది, ఇది ఎవరిది.
చెప్పుకుంటా వచ్చాను.
మధ్యలో ఎర్రముక్క దగ్గర ఆగిపోయాను.
నేను వచ్చేసరికే అది ఉంది.
వరదమ్మ వచ్చేసరికీ ఉండెనంట.
అంచులు మూడుసార్లు మళ్లీ కుట్టిన దారం,
మూడు రంగులు.

తెలియదు పిల్లా, అన్నాను.
కానీ అది ఉన్న వైపు కాళ్లు పెట్టొద్దు.