పట్టాలు లేని దారి

ముప్పై ఒక్క ఏళ్లు బ్ర్నోలో ట్రామ్ నడిపాడు ఓత్మర్.
స్టీరింగ్ తిప్పడం మాత్రం రాదు.
అందుకే నేను నడుపుతున్నాను.

తెల్లారగట్ల మూడింటికి బయల్దేరాం.
వెనక సీట్లో
రేకు కాగితంలో చుట్టిన వేపుడు మాంసం,
పులిసిన దోసకాయల సీసా,
గాలి తీసి మడిచిన పరుపు.

ఆస్ట్రియా పొడుగునా నిద్రపోయాడు.
స్లొవేనియాలో ఉలిక్కిపడి లేచి
"ఇక్కడ దిగేవాళ్లెవరూ లేరా?" అన్నాడు.
నవ్వానో లేదో గుర్తులేదు,
వెనక లారీ ఒకటే హారన్.

కొండదారిలో మలుపు మలుపుకీ
అతని కుడికాలు
లేని బ్రేకును తొక్కుతూనే ఉంది.
తిట్టాను. గట్టిగానే.
పెట్రోల్ బంకు దగ్గర కాఫీ తెచ్చి
నన్ను అడక్కుండానే చక్కెర కలిపాడు:
ఒకటిన్నర చెంచా.
ఆ అర సంగతి నా చెల్లెలికి కూడా తెలియదు.

ఆఖరి సొరంగం దాటాక
అద్దం నిండా నీలం.
ఆకాశమే అనుకున్నాం,
దానిమీద ఒక పడవ కదిలేదాకా.

సెల్సేలో గది అద్దెకిచ్చిన యెలిత్సా
తాళంచెవి నా చేతిలో పెడుతూ
"ఎన్నాళ్లుంటారు?" అంది.
అతను అప్పటికే
బూట్లయినా విప్పకుండా
రాతిమెట్లు దిగిపోతున్నాడు.

నేను వెళ్లేసరికి మోకాలిలోతు నీళ్లలో నిలబడి
ఆ దూరపు గీతకేసి చూస్తున్నాడు.
దానికి మలుపు లేదు, సిగ్నల్ లేదు.
"చివరి స్టాపు, లుద్మిలా,
అందరూ దిగాలి."

రెండు తాళాలూ చేతిలోనే పట్టుకుని
దిగాను.
చెప్పు కరిచిన మడమ మీద
ఉప్పు చురుక్కుమంది.