ఐదడుగుల నాలుగంగుళాలు

రోడ్డు మొగం ఇరవైరెండు అడుగులు, లోతు నూటపది.
పాలకొండ రోడ్డులో రెండు పాత మిద్దెల మధ్య
బీరువా అరలో ఇరికించిన రూళ్ళ నోటుబుక్కు లాంటి స్థలం.
దాన్లో ఏడంతస్తులు గీయమన్నారు మెట్ట కూర్మారావు గారు.
అంతస్తుకి ఒకటే ఇల్లు.
లిఫ్టు తలుపు తీస్తే నేరుగా హాల్లోకే అడుగు.
పేరు ముందే ఖాయం: నాగావళి హైట్స్.
నాగావళి కనబడాలంటే మాత్రం
మేడ మీది నీళ్ళట్యాంకు ఎక్కాలి.

నేను డ్రాఫ్ట్స్‌మన్ని.
గీతలు నావి, సంతకం ఇంకొకరిది.

పైనంతా సులువే. ఒక ఇల్లు గీస్తే ఏడిళ్ళు.
తంటా అంతా కింద.
కార్లు దిగే ర్యాంపు పది అడుగులు మింగింది,
లాబీ ఐదు.
గోడలు, మీటర్ల పెట్టె, ఫైరు పైపు తలా కాస్త కొరికాక
రోడ్డు వైపు మిగిలింది
ఐదడుగుల నాలుగంగుళాలు.

"గ్రానైటు పలక అంటించీసి ఇత్తడక్షరాలు పెట్టీండి.
కింద కొట్టుంటే పైన రేటు పడిపోతాది"
అన్నారు కూర్మారావు గారు.
నేనేం మాట్లాడలేదు.
అప్పటికే ఆ జాగాలో పెన్సిలుతో ఒక షట్టరు గీసి ఉంది.
ఎందుకు గీశానంటే చెప్పలేను.
రాత్రి పదింటికి ఆ రోడ్డున నడిచినవాళ్ళకి తెలుస్తుంది,
కొట్టు లేని గోడ పక్కన
అడుగు దానంతటదే త్వరపడుతుంది.
చివరికి ఆయన్ని ఒప్పించింది నా గీత కాదు,
నెలనెలా వచ్చే అద్దె.

మొదట ఏటీఎం.
ఎవరూ ఎవరినీ పలకరించని చల్లదనంతో ఏడాదిన్నర ఉండి,
ఏసీ బిగించినచోట నాలుగు కన్నాలు వదిలి పోయింది.
తర్వాత గుడ్డు వెయ్యని కేకులు.
గాజు తలుపు, గులాబీరంగు దీపాలు.
కొనేవాడు లోపలికొస్తే అమ్మేవాడు బయటికి రావాలి.
నాలుగు నెలలు.
తర్వాత తుప్పు.
షట్టరు మీద కోచింగ్ సెంటర్ల ర్యాంకులు,
ర్యాంకుల మీద శ్రద్ధాంజలులు.

ఢిల్లీశ్వరి టేపు తెచ్చుకుని మరీ వచ్చింది.
ఫాల్సు, పీకో, జాకెట్లకి హుక్కులు.
మిషను అడ్డంగా పెట్టి చూసింది, నిలువుగా పెట్టి చూసింది,
ఆఖరికి మొహం రోడ్డుకేసి, వీపు మీటర్ల పెట్టెకేసి కూర్చుంది.
ఇరుకవదా అంటే,
"మనిసికి ఇరుకు గానీ చీరకేటి బాబూ,
మడతెడితే జానెడే కదా."

పైవాళ్ళ మీటింగులో తీర్మానం రాశారు.
దారం పోగులు లాబీలోకి ఎగిరొస్తున్నాయి.
రీళ్ళ రంగులు ఎలివేషన్‌కి నప్పడం లేదు.
(ఎలివేషన్ అన్న మాట నాదే.
ప్లాను మూల నా చేత్తోనే రాశాను.)
ఏడు సంతకాలు కావాలి, ఆరు పడ్డాయి.
నాలుగో అంతస్తు ఇందుమతి గారు
ఆ సాయంత్రమే బాల్కనీలోంచి తాడు కట్టిన సంచీ దింపారు.
లోపల పొందూరు చీర,
చీటీ మీద ఒక్క మాట: రేపటికి.

అద్దాల లిఫ్టు పక్కన ఊరికే నిలబడి ఉంది.
సంచీ గాలికి ఊగుతూ దిగుతూ
మూడో అంతస్తు కిటికీ ముందు కాస్త తిరిగింది.
పై వారం మూడో అంతస్తుకీ ఒక తాడు.

తెగిన గుండీ పట్టుకుని వెళ్ళాను ఒకరోజు.
మిషను సూదికి బెజ్జం మొన దగ్గరెందుకు ఉంటుంది,
చేతి సూదికి పైనుంటుంది కదా, అనడిగాను.
ఆమె దారం పళ్ళతో తెంపి,
"పైనుంటే మిషను కుట్టదు బాబూ.
కింద బాబిన్లో ఇంకో దారముంటాది.
దాన్నందుకోవాలంటే బెజ్జం అడుక్కి దిగాల."

బయటికొచ్చి తలెత్తి చూశాను.
ఏడంతస్తులు, సన్నగా, నిటారుగా,
ఎండకి మెరుస్తున్న స్టీలు రెయిలింగులు.
కాసేపు అలాగే నిలబడ్డాను,
వెనకాల ఆటోవాడు హారను కొట్టేదాకా.

గుండీ దారం చొక్కా రంగుతో కలవలేదు.
పది రూపాయలు తీసుకుంది.