లైన్లో ఉండండి

లెటర్‌కెన్నీ ఆఫీసులో ఫోనెత్తడం నా పని.
నెలకో మంగళవారం, తొమ్మిదీ పదికి,
డన్‌గ్లో ఊరినుంచి బ్రోనా.
"మా ఫియాక్రా నంబరెంతకొచ్చింది?"

నాలుగొందల పన్నెండు.
నాలుగొందల తొమ్మిది.
ఒకసారి వెనక్కి జరిగింది, నాలుగొందల ఇరవై.
ఎందుకో నాకూ తెలీదు.

వైద్యానికి కాదు,
ఆటిజమా అని చూడ్డానికే ఈ వరస.
మూడేళ్ళప్పుడు పెట్టిన దరఖాస్తు.
మూడు జతల బూట్లు పొట్టయ్యాయట ఈలోగా,
మాట మాత్రం రాలేదట.
అరవదు ఆమె. అరిస్తే బాగుండు,
అరిచేవాళ్ళకి ఏం చెప్పాలో
నా బల్లమీద కాగితం అంటించి ఉంది.

"లైన్లో ఉండండి" అని మీట నొక్కుతాను.
పియానో ముక్కొకటి, పదకొండు సెకన్లు, మళ్ళీ మొదటికి.

మొన్న మీట సరిగా పడలేదు.
సంగీతం రాలేదు. అవతల ఎవరో
సన్నగా అదే తీస్తున్నారు,
మా రికార్డులో మధ్యన వచ్చే గీరుతో సహా.
"వాడే" అంది బ్రోనా.
"మంగళవారాలు తెలుసు వాడికి."

చివరిదాకా వెళ్ళి
మళ్ళీ మొదలుపెట్టాడు.
నంబరు తెరమీదే ఉంది.
వాడు ఆపేదాకా
నేనే లైన్లో ఉన్నాను.